తప్పించుకొనినవారును, తప్పించుకొననివారును

ధ్యాన వాక్యభాగములు: అపొస్తలుల కార్యములు 12:1–17; లూకా 13:1–5



రామతీర్థము చుట్టుపట్ల గ్రామములవారు విశాఖపట్టణమునకు పోవలెనన్నచో నెల్లిమర్ల స్టేషనుకు వచ్చి పాసింజరు ఎక్కుట మీకు తెలిసినదే. తాపీపనికి పోవువారు, పెద్దాసుపత్రికి పోవువారు, చదువుకొను పిల్లలు ఉదయము పోయి సాయంకాలము అదే దారిని తిరిగి వత్తురు. 2023 అక్టోబరు 29వ తేది, ఆదివారము సాయంకాలము, అట్లు విశాఖనుండి పలాసకు వచ్చుచున్న పాసింజరును కంటకాపల్లి, అలమండ స్టేషనుల నడుమ వెనుకనుండి వచ్చిన రాయగడ పాసింజరు ఢీకొనెను. పదునలుగురు ప్రాణములు కోల్పోయిరి. గాయపడినవారు అనేకులు. అది మన సంఘములలో సాయంకాలపు ఆరాధన జరుగు వేళ.

అట్టి ఆపద జరిగిన తరువాత మన కూటములలో ఒక విధమైన సాక్ష్యము వినవచ్చుచుండును. “నేను ఆ బండికే రావలసినదానను. ఆటో దొరకక ఆలస్యమైనది. దేవుడు నన్ను కాపాడెను.” సంఘమంతయు స్తోత్రము చెల్లించును. చెల్లింపవలసినదే. ప్రాణము దక్కినవాడు దేవునికి వందనము చెప్పక మరెవ్వరికి చెప్పును? అయితే ఆ చాపలమీదనే, నాలుగు వరుసల వెనుక, ఆటో సమయమునకు దొరికి బండి అందుకొనిన వాని భార్య కూర్చుండియున్నయెడల ఆమె ఏమి వినును? దేవుడు ఆలస్యము చేసి ఒకరిని కాపాడెను, తొందరపెట్టి నా భర్తను తీసికొనిపోయెను అనియే గదా! మనము నోటితో అనని మాటను మన సాక్ష్యము ఆమె చెవిలో వేయుచున్నది.

ఈ ప్రశ్నను ప్రభువే ఒకసారి ఎదుర్కొనెను. సిలోయములోని గోపురము కూలి పదునెనిమిదిమంది చనిపోయిరి. ఆ దినములలో జనులు ఏమి తలంచుచుండిరో ప్రభువు ఎరుగును. చచ్చినవారు తక్కినవారికంటె ఎక్కువ పాపులు కారని ఆయన తేటగా చెప్పెను. కారణము మాత్రము చెప్పలేదు. బ్రదికియున్నవారు మారుమనస్సు పొందవలెనని హెచ్చరించి అంతటితో ఊరకుండెను. ప్రభువు చెప్పని కారణమును చెప్పుటకు మనకు ఎవరు అధికారమిచ్చిరి? కొందరు సహోదరులు ఇంకను శవము ఇంటిలో ఉండగనే కారణములు చెప్పుటకు పూనుకొందురు. వారి నోటికి కొంతసేపు కావలి యుండుట మంచిది.

అపొస్తలుల కార్యముల 12వ అధ్యాయమును మనము సాధారణముగా పేతురు విడుదల అని పిలుతుము. ఆదివార పాఠశాలలో దేవదూత, సంకెళ్లు, ఇనుప తలుపు బొమ్మలు చూపుదుము. గాని ఆ అధ్యాయము యాకోబు మరణముతో ఆరంభమగుచున్నది. అతడు యోహాను సహోదరుడు, ప్రభువు వెంట రూపాంతరపు కొండ ఎక్కిన ముగ్గురిలో ఒకడు. హేరోదు అతనిని ఖడ్గముతో చంపించెను. ఒక్క వచనములో ఆ సంగతి ముగిసిపోయినది. యాకోబునకు దేవదూత రాలేదు.

అదే రాజు, అదే పట్టణము, అదే సంఘము. పేతురు కొరకు అత్యాసక్తితో ప్రార్థించిన ఆ సంఘము యాకోబు కొరకు ప్రార్థింపలేదని ఎవరనగలరు? పేతురు విశ్వాసము గొప్పది, యాకోబు విశ్వాసము కొంచెము అని లూకా ఎక్కడను వ్రాయలేదు. పేతురు విడుదలయైన దినమున యోహాను తన అన్నను పోగొట్టుకొని యుండెను. సంఘము సంతోషించుచున్నప్పుడు యోహాను ముఖము చూచి మాటలాడవలసిన అవసరము వారికి కలిగియుండును.

ఈ దుఃఖము మన ప్రాంతపు సంఘమునకు పుట్టుకతోనే వచ్చినది. 1805లో లండను మిషనరీ సొసైటీవారు పంపిన జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్‌గ్రాంజెస్ అను ఇద్దరు విశాఖపట్టణమునకు వచ్చిరి. తెలుగు నేర్చుకొనిరి. క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయరు సహాయముతో సువార్తలను తెనిగించుటకు పూనుకొనిరి. 1809లో క్రాన్ చనిపోయెను. మరుసటి సంవత్సరమే డెస్‌గ్రాంజెస్ కూడ చనిపోయెను. వచ్చి నిండా ఆరేండ్లు కాలేదు. బండి తప్పిపోవుటయే దేవుని కాపుదలకు గురుతైనచో వీరిద్దరిని దేవుడు మరచిపోయెనని చెప్పవలెను. డెస్‌గ్రాంజెస్ తెనిగించిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురములో అచ్చుపడెను. ఆ పుస్తకమును అతడు కన్నులార చూడలేదు. 1818లో ప్రిచెట్ దొరగారి తర్జుమాలో క్రొత్త నిబంధన అంతయు మద్రాసులో వెలువడెను. ఈ మేలు కొరకే దేవుడు వారిని చావనిచ్చెనని నేననను. అది మరల కారణము చెప్పుటయే యగును. వారు బ్రదికినంత కాలము తెనిగించు పనిలో పాటుపడిరి. అంతమట్టుకు మనకు తెలియును.

మరియొక వైపు పొరపాటు కూడ కలదు. దేవుడు కాపాడును గనుక జాగ్రత్త యెందుకని కొందరందురు. సాతాను ప్రభువును దేవాలయ శిఖరముమీద నిలువబెట్టి క్రిందికి దుముకుమన్నప్పుడు ఎత్తి చూపినది 91వ కీర్తనయే. కాపుదలను గూర్చిన కీర్తనను అపవాది కూడ కంఠస్థము చేసియున్నాడు! ప్రభువు దుమకలేదు. 2018 అక్టోబరు 11వ తేదిన తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లాలో పలాస వైపున తీరము దాటినప్పుడు ఉద్దానపు కొబ్బరిచెట్లు, జీడిమామిడి చెట్లు లెక్కలేనన్ని కూలెను. ప్రార్థనచేయు ఇంటివారి తోట అని గాలి చూడలేదు. తుపాను కబురు వచ్చినప్పుడు పిల్లలను, ముసలివారిని పక్కా కట్టడమునకు చేర్చుట అవిశ్వాసము కాదు. రైలు గేటు వేసియున్నప్పుడు దాని క్రిందనుండి దూరిపోవుట విశ్వాసమును కాదు. గేటు వేసినవాని చేతిని కూడ దేవుడు వాడుకొనును.

మరి కాపుదల అనగా నేమి? పేతురు చెరసాలను మరల చూడుడి. తెల్లవారినచో అతనిని బయటికి తెచ్చెదరు. యాకోబునకు ఏమైనదో అతనికి తెలియును. తనకు అట్లు కాదను వాగ్దానమేదియు ఆ రాత్రి అతనికి దొరకలేదు. రెండు సంకెళ్లు, ఇరుప్రక్కల ఇద్దరు సైనికులు, తలుపు బయట కావలివారు. అట్టి చోట అతడు నిద్రపోవుచుండెను. చెరసాల అంతయు వెలుగుతో నిండినను మెలకువ రాలేదు. దేవదూత ప్రక్కను తట్టి లేపవలసివచ్చెను! తలుపు తెరచుకొనుటకు ముందే అతడు కాపాడబడియుండెను. ఆ రాత్రి దూత రాకపోయినను అతని నిద్ర అబద్ధము కాదు. యాకోబు కూడ అట్లే నిద్రించెనని నేను నమ్ముచున్నాను.

కనుక ఉదయము పాసింజరుకు పోవు బిడ్డ తలమీద చేయివేసి ప్రార్థించు తల్లి, “ప్రభువా, వీనిని క్షేమముగా తిరిగి తెమ్ము” అని ధైర్యముగా అడుగవచ్చును. 121వ కీర్తన మన రాకపోకలు ఆయన చేతిలో ఉన్నవని నేర్పుచున్నది. ఆమె ఇంకొక మాట కూడ కలుపవలెను: “దారిలో ఏమైనను వీని చేయి విడువకుము.” తప్పించుకొనిన సహోదరి సాక్ష్యము చెప్పవచ్చును. చెప్పుటకు ముందు, మొగుడు పోయిన ఆ చెల్లెలి ఇంటికి పోయి వాకిట కూర్చుండవలెను. బియ్యము, పప్పు పట్టుకొని పోయినచో మరియు మంచిది.

విడుదల పొందిన పేతురు కూడ ఎంత దూరము నడిపింపబడెను? ఇనుప తలుపు దాటి ఒక వీధి దూరము. అక్కడ దూత అతనిని విడిచిపోయెను. తరువాతి మలుపు ఎటో, సైనికులు లేచినచో ఎట్లో ఎవరును చెప్పలేదు. అతడు చీకటిలో ఆలోచించుకొని, మార్కు తల్లియైన మరియ ఇల్లు వెదకుకొని పోయెను. అతని కొరకే ప్రార్థించుచున్నవారు తలుపు తీయలేదు. రొదే అను చిన్నది సంతోషముచేత తలుపు తీయుట మరచి లోపలికి పరుగెత్తెను. లోపలివారు దానికి పిచ్చిపట్టినదనిరి. దేవదూతకు ఇనుప తలుపు తెరచుకొనినది గాని పేతురునకు విశ్వాసుల కొయ్యతలుపు తెరచుకొనుటకు చాల సేపు పట్టెను. అతడు విసుగక తట్టుచుండెను. తీసిన తరువాత, ప్రభువు తన్ను బయటికి తెచ్చిన విధము వారికి చెప్పి, అది సహోదరులకు తెలుపుడని చెప్పి, మరియొక చోటికి వెళ్లిపోయెను. అది ఏ చోటో లూకా వ్రాయలేదు.