పాత్రలు మార్చిన రాజు

మత్స్యావతారం అనగానే మనకు ప్రళయ సముద్రం, నావ, సప్తర్షులు, చేప కొమ్ముకు తాడులా చుట్టుకున్న వాసుకి కళ్ల ముందు మెదులుతారు. ఆ ఘట్టానికి ముందు భాగవతం అష్టమ స్కంధంలో ఒక చిన్న కథ ఉంది. నాకు అదే ఎక్కువ ఇష్టం. ద్రవిడ దేశాన్నేలే సత్యవ్రతుడు కృతమాలా నదిలో తర్పణం విడుస్తుంటే, దోసిట్లోకి ఓ చేపపిల్ల వచ్చింది. ఆయన దాన్ని నీళ్లలోకే వదిలేశాడు. పెద్ద చేపలు నన్ను మింగేస్తాయి, నన్ను మళ్లీ ఏట్లోకి తోయకు అని అది బతిమాలుకుంది. రాజు మనసు కరిగింది. కమండలంలో వేసుకుని ఆశ్రమానికి తెచ్చాడు. తెల్లారేసరికి కమండలం ఇరుకైపోయింది. కుండలోకి మార్చాడు. కాసేపటికే మూడు మూరలైంది. కొలనులో వేశాడు, కొలనూ చాలలేదు. చివరికి సముద్రానికి మోసుకెళ్లాడు.

సముద్రం దాకా వచ్చాక గానీ అది శ్రీహరి అని ఆయనకు తెలియలేదు. కమండలం నుంచి కుండకు, కుండ నుంచి కొలనుకు మార్చినప్పుడు ఆయన చూసింది ఒక మామూలు చేపపిల్లనే. అది చాలడం లేదంటే విన్నాడు, ఇంకో చోటు వెతికాడు. ఆ మత్స్యావతారమూర్తే నాగలాపురంలో వేదనారాయణస్వామిగా, నడుము కిందుగా చేప రూపంతో దర్శనమిస్తాడు. కృష్ణదేవరాయల తల్లి నాగలాదేవి పేరుతో వెలసిన ఊరది. ఫాల్గుణంలో మూడు రోజుల పాటు సూర్యకిరణాలు స్వామిని తాకే వేళ జనం అక్కడికి పోటెత్తుతారు. ఆ మూర్తి ముందు చేతులు జోడించినప్పుడల్లా నాకు మాత్రం ఆ రాజు చేతిలోని కమండలమే గుర్తొస్తుంది.

కృతమాల అంటే మదురై వైగై నదేనని పెద్దలు చెబుతారు. అక్కడికి ఈశాన్యంగా, పుదుచ్చేరి ఇందిరా నగర్‌లో మా చెల్లెలి కుటుంబం ఉంటోంది. బావది యానాం. ఉద్యోగరీత్యా గోదావరి ఒడ్డు నుంచి ఇంత దూరం వచ్చాడు. ఆరో తరగతి చదివే మా మేనకోడలికి 2024లో పుట్టినరోజు కానుకగా ఎవరో ఒక గుండ్రటి గాజు బౌలు, అందులో ఒక గోల్డ్‌ఫిష్ ఇచ్చారు. దానికి బంగారి అని పేరు పెట్టుకుంది. కార్తీక మాసంలో నేను వెళ్లేసరికి బంగారి అడుగున ఒక పక్కకు ఒరిగి ఉంది. రెక్కలు ముడుచుకుపోయాయి. తోక అంచున ఎర్రటి నెత్తుటి చారలు. మొప్పలు మాత్రం గబగబా కొట్టుకుంటున్నాయి. మధ్యమధ్యలో పైకి వచ్చి నోటితో గాలి మింగి, మళ్లీ కిందికి జారిపోతోంది.

"మావయ్యా, ఇది ఏడుస్తోందా?" అని అడిగింది పిల్ల.

చేప అమ్మిన చోట అడిగితే, యాభై రూపాయల చేపే కదా, ఇంకోటి తీసుకెళ్లండి అన్నారట. ఆ మాట నన్ను చాలా రోజులు పీడించింది. ఒక ప్రాణం తక్కువ ధరకు దొరికిందంటే, దాని బాధ కూడా తక్కువేననుకోవడం ఎంత సులువైపోయింది మనకు! ఆ ఊళ్లోనే, కురుంబపేటలో, పశువైద్య కళాశాల ఉంది కాబట్టి అదృష్టవశాత్తూ అడగడానికి మనిషి దొరికాడు. ఎదురు వాటాలో ఉండే కుర్రాడు ఆ చదువే చదువుతున్నాడు. వచ్చి చేపను చూసి, ఆ తర్వాత బౌలును చాలాసేపు చూశాడు.

జబ్బు చేపది కాదు, నీళ్లది అన్నాడు. చేప మొప్పల నుంచే అమ్మోనియా వదులుతుందట. తినకుండా మిగిలిన మేత, మలం కుళ్లితే మరింత తయారవుతుంది. చెరువులో ఐతే బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంత హాని లేని నైట్రేట్‌గా మార్చేస్తుంది. కొత్త బౌలులో ఆ బ్యాక్టీరియా ఉండదు, కుదురుకోవడానికి వారాలు పడుతుంది. ఈలోగా చేప తన విషంలో తానే ఈదుతుంది. పైగా గోల్డ్‌ఫిష్ చల్లటి నీళ్ల జీవి. పుదుచ్చేరి ఉక్కలో వెచ్చబడిన నీళ్లలో ప్రాణవాయువు నిలవదు. నోరు సన్నగా ఉన్న బౌలులోకి కొత్తగా చేరేదీ తక్కువే.

అప్పుడు మొదలైంది సేవ. ముందు చేపను నలభై లీటర్ల ప్లాస్టిక్ తొట్టిలోకి మార్చారు. ఒక స్పాంజి ఫిల్టరు, చిన్న గాలి పంపు తెచ్చారు. కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కనుక ముందు రోజే బకెట్లలో పట్టి ఉంచాలి. రోజూ పావు వంతు నీళ్లు తీసి పావు వంతు పోయాలి. ఒక్కసారిగా అన్నీ మార్చేస్తే ఆ తేడాకే చేప తట్టుకోలేదు. లీటరుకు గ్రాము చొప్పున కల్లుప్పు విడిగా కరిగించి, కొద్దికొద్దిగా కలపాలి. రెండు మూడు రోజులు మేత బంద్. ఆ పిల్లకు అన్నిటికన్నా కష్టమైంది ఇదే. ప్రేమ అంటే పెట్టడమే అనుకునే వయసు. గోల్డ్‌ఫిష్‌కు కడుపు సంచి ఉండదని, తిన్నది నేరుగా పేగుల్లోకి పోతుందని ఆ కుర్రాడు ఓపిగ్గా చెప్పాక గానీ మేత డబ్బా వదల్లేదు. తర్వాత ఉడికించిన బఠాణీ, తొక్క తీసి, గోటితో నలిపి ఒక్క పలుకు.

కొన్ని రోజులకు బంగారి ఒంటి మీద నల్లటి మచ్చలు వచ్చాయి. ఇల్లంతా బెంబేలెత్తిపోయారు. అమ్మోనియాకు కాలిన చర్మం మానేటప్పుడు అలా నల్లబడటం మామూలేనని తెలిసి ఊపిరి పీల్చుకున్నారు.

ఈ చేప పుట్టుకలోనే దయ ఉంది. వెయ్యేళ్ల కిందట చైనాలో వంట కోసం పట్టే బూడిద రంగు చేపల్లో ఎప్పుడో ఒకటి బంగారు రంగులో కనబడేది. దాన్ని చంపడానికి చేతులు రాక, పుణ్యమని బౌద్ధ విహారాల కొలనుల్లో వదిలేవారు. అలా బతికి బట్టకట్టినవాటి సంతానమే ఇవాళ లోకమంతా గాజు తొట్లలో తిరుగుతోంది. మూగజీవాల మీద ఇలాంటి దయ మన దగ్గరా పాతదే: కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడు మనుషులకే కాక పశువులకూ వైద్యం ఏర్పాటు చేయించిన సంగతి చెక్కించాడు. పట్టాభిషేకమైన 26 ఏళ్లకు వేయించిన ఒక స్తంభ శాసనంలో, కొన్ని పుణ్యదినాల్లో చేపను చంపకూడదు, అమ్మకూడదు అని కూడా ఆజ్ఞాపించాడు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది, దాన్ని దాటవేయకూడదు. గోదారికి ఎర్రనీరు వచ్చిందంటే మా బావ మనసంతా పులస మీదే. అలాంటి మనిషి ఆఫీసు నుంచి వచ్చి చొక్కా కూడా విప్పకుండా ఈ తొట్టి ముందు కూర్చుంటే, ఇదేం ధర్మం అని చుట్టాలు అడిగారు. సత్యవ్రతుడు కూడా కృతమాలలోని చేపలన్నిటినీ కాపాడలేదు. దోసిట్లోకి వచ్చి శరణన్న ఒక్కదానికి మాట ఇచ్చాడు. ఆ ఒక్కదానికి జవాబుదారీ అయ్యాడు. మిగతా చేపల మాట ఏమిటన్నది ఎవరి మనస్సాక్షికి వారే తేల్చుకోవలసింది, నేను దాన్ని తేలిక చేయను. కానీ మనం తెచ్చి మన నీళ్లలో పెట్టుకున్న ప్రాణి మన శరణు కోరకపోయినా శరణాగతే. దానికి వెళ్లే దారి లేకుండా చేసింది మనమే కదా.

ఆ నెలాఖరున, నవంబరు 30 రాత్రి, ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటి, ముందుకు కదలకుండా అక్కడే తిష్ఠ వేసింది. వీధులు ఏరులయ్యాయి. తెల్లారాక పల్లపు పేటల్లో జనాన్ని బయటకు తేవడానికి సైన్యం దిగింది. కరెంటు పోయింది, గాలి పంపు ఆగింది. బంగారి మళ్లీ పైకి వచ్చి నోరు తెరవసాగింది. కొవ్వొత్తి వెలుగులో మా చెల్లెలు స్టీలు గ్లాసుతో తొట్టిలో నీళ్లు ముంచి, జానెడు పైనుంచి సన్నటి ధారగా మళ్లీ తొట్టిలోనే పోసింది. అలా పడే నీళ్లతోపాటు గాలి కూడా లోపలికి పోతుంది. తను అలిసిపోతే బావ, బావ తర్వాత పిల్ల, ఆ తర్వాత నేను. అభిషేకాలు ఎన్నో చూశాను. అంత ఏకాగ్రతతో చేసినది నా ఎరుకలో లేదు.

పుదుచ్చేరికి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, అరుణాచలంలో, రమణ మహర్షి ఆశ్రమంలో ఒక ఆవుకు, జింకకు, కాకికి, కుక్కకు సమాధులున్నాయి. 1948 జూన్ 18న ఆవు లక్ష్మి కన్నుమూస్తుంటే భగవాన్ పక్కనే కూర్చుని, ఒక చెయ్యి దాని తల మీద, ఇంకో చెయ్యి గుండె మీద ఉంచారు. మన సూరి నాగమ్మగారు తన లేఖల్లో ఆ లక్ష్మి కథను తెలుగులో రాసిపెట్టారు. బ్రహ్మజ్ఞానమూ, జబ్బుపడిన పశువు పక్కన కూర్చోవడమూ ఆయన దగ్గర వేరువేరు పనులు కావు.

బంగారి కోలుకుంది. మచ్చలు పోయాయి, రెక్కలు విచ్చుకున్నాయి, గ్లాసు చప్పుడుకు ఎదురొస్తోంది. సరిగ్గా చూసుకుంటే ఈ జాతి పదేళ్లు దాటి బతుకుతుంది. ఇంగ్లండులో టిష్ అనే గోల్డ్‌ఫిష్ 43 ఏళ్లు బతికింది. ఆ సంగతి చెప్పగానే మా మేనకోడలు వేళ్ల మీద లెక్క వేసుకుంది.

"పదేళ్లంటే నేను కాలేజీకి వెళ్లిపోతాను కదా మావయ్యా. అప్పుడు నీళ్లెవరు మారుస్తారు?"

"నేను లేనటే?" అంది వంటింట్లోంచి మా చెల్లెలు.

ఇప్పుడు ఆ ప్లాస్టిక్ తొట్టి కూడా బంగారికి ఇరుకవుతోంది. బావ తొంభై లీటర్ల గాజు తొట్టి చూసి వచ్చాడు. నీళ్లే తొంభై కిలోలు, తొట్టి బరువు అదనం. అద్దెకున్న మేడమీద గదిలో ఏ గోడ వారగా పెడితే నేల మోస్తుందో ఇంటివాళ్లను కనుక్కునే పనిలో ఉన్నాడు.