ముందు ఎవరికి?

ప్లేస్కూలు పిల్లలకు లడ్డూలు చుట్టడానికి ఉస్మాన్‌గంజ్ హోల్‌సేల్ కొట్లలో పల్లీలు, నువ్వులు, బెల్లం తెస్తాను. పల్లి గింజగా ఇస్తే చిన్నవాళ్లకు గొంతులో అడ్డం పడొచ్చు. అందుకే వేయించి, పొట్టు తీసి, మెత్తగా దంచుతాను. పాకం పట్టను, గట్టి లడ్డూ పాలపళ్లకు కష్టం. వేయించిన రాగిపిండి కలుపుతాను: 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది.

"దేవునికి పెట్టకముందే పిల్లలకా?" అంటుంది అత్తమ్మ.

తైత్తిరీయోపనిషత్తులో భృగువు తపస్సు చేసి మొదట తెలుసుకున్నది అన్నమే బ్రహ్మమని. అక్కడే ఆగలేదు, నిజమే. ప్రాణం, మనసు, విజ్ఞానం దాటి ఆనందం దాకా వెళ్లాడు. కానీ మొదటి మెట్టు అన్నమే. ఆకలిగొన్న పిల్లను ఆపి చేసే నైవేద్యాన్ని నా మనసు ఒప్పుకోదు. అత్తమ్మ ఇంకా ఒప్పుకోలేదు. లడ్డూలు మాత్రం నాతో కూర్చుని చుడుతుంది.