మెడ దగ్గర కోసిన పట్టీ

ఢిల్లీ సరోజినీ నగర్ మార్కెట్లో చొక్కా కొనేటప్పుడు ముందు మెడ లోపలివైపు చూస్తాను. కంపెనీ పేరున్న పట్టీని చాలావాటికి కత్తెరతో అడ్డంగా కోసేసి ఉంటారు. ఎగుమతి కోసం కుట్టగా మిగిలిపోయిన సరుకో, చిన్న లోపానికి పక్కన పడేసిందో. ఏ దేశపు మనిషి కొలతలో, భుజాలు నాకు జారుతుంటాయి. కుట్టు మాత్రం గట్టిది. కుట్టినవాళ్ల పేరు పట్టీ కోయకముందు కూడా అక్కడ లేదు.

మొదటి శతాబ్దపు గ్రీకు వర్తకుడొకడు తన 'పెరిప్లస్'లో మసాలియా తీరాన సన్ననూలు బట్టలు విరివిగా నేస్తారని రాశాడు. అది మన బందరు ప్రాంతమేనంటారు. 1611లో ఇంగ్లీషువాళ్లు వచ్చి కోఠీ పెట్టిందీ అక్కడే. మన అద్దకం బట్టల మోజుకు తాళలేక బ్రిటన్ 1721లో అలాంటి బట్టలు కట్టుకోవడాన్నే నిషేధించింది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా నా గొంతు కాస్త పెరుగుతుంది. మరి ఓడ నిండిన రోజున నేతగాడి ఇంట్లో పొయ్యి వెలిగిందా? వర్తకుడు రాయలేదు. ఇన్నేళ్లూ నేనూ అడగలేదు.

నేను చొక్కా కొనే పేట పేరులోని సరోజినీ నాయుడు హైదరాబాదులో పుట్టిన బెంగాలీ ఆడపిల్ల, తెలుగింటి కోడలు. 1947 మార్చి 23న పురానా కిలాలో ఆసియా దేశాల మహాసభ మొదలైతే అధ్యక్షత ఆమెదే. మనకింకా స్వాతంత్ర్యమే రాలేదు. అయినా టిబెట్టూ చైనా కూడా వచ్చి కూర్చున్నాయి. ఆసియాలో కదులుతున్న శక్తులకు భారత్ సహజ కేంద్రమని నెహ్రూ చెప్పారు. ఆ మాటను నేను ఇప్పటికీ ప్రేమిస్తాను. అదే కోటలో, ఆ ఏటి శరదృతువులోనే, దేశ విభజనతో ఇళ్లు వదిలిన ఢిల్లీ ముస్లింలు పాకిస్తాన్ రైళ్ల కోసం వేల సంఖ్యలో ఎదురుచూశారు. ఆ నేలను తవ్వితే మౌర్యులకు ముందటి కాలం దాకా పొరలు దొరికాయి. గుడారాల కింద కూర్చున్న తల్లులు ఏ పొరలో ఉన్నారు? ప్రపంచపటంలో మనం ఉన్న చోటు ఎంత కీలకమో లెక్కగట్టేటప్పుడు వాళ్లను ఎక్కడ రాసుకోవాలి? ఘనమైన గతం ఉన్న దేశానికి ఈ ప్రశ్న తప్పించుకునే హక్కు ఉందా?

ఇంటికొచ్చి చొక్కా తిరగేశాను. చంక దగ్గర ఒకచోట దారం రంగు కాస్త మారింది. ఉండ అయిపోతే మధ్యలో ఇంకొకటి ఎక్కించి ఉంటారు. చిన్న ముడి, వేలికి తగులుతోంది.