పొగ ఎవరు పెట్టారు?

'కేసు కొట్టేశారు.' తెలుగులో ఈ మాట వకీలు నోట్లో ఒకలా పలుకుతుంది, ఛాయ్ హోటల్ బల్ల దగ్గర ఇంకోలా పలుకుతుంది. ఒక హత్యకేసులో కింది కోర్టు వేసిన శిక్షను హైకోర్టు రద్దు చేసిందని పొద్దున పేపర్లో వస్తుంది. మధ్యాహ్నానికి ఆ బల్ల దగ్గర కూర్చుని చూడండి. 'నిర్దోషి' అన్న మాట ఎవరి నోటా రాదు. 'వదిలేశారు' అంటారు. 'బయటికొచ్చాడు' అంటారు. కొంచెం గొంతు తగ్గించి 'సాక్ష్యం చాలక బతికిపోయాడు' అంటారు. చివరికి ఎవరో ఒకరు ఆ పాత సామెత తీస్తారు: నిప్పు లేనిదే పొగ రాదు.

ఈ సామెతతో నాకు పేచీ ఉంది. పొగ ఎప్పుడూ దానంతటదే రాదు, పెడితే కూడా వస్తుంది. పొలంగట్ల మీద ఎలుక కన్నంలో పొగ పెట్టేవాళ్ళను చూసినవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. అక్కడ నిప్పు ఎలుకది కాదు.

ఇంకో విచిత్రం. శిక్ష వేసిందీ కోర్టే, కొట్టేసిందీ కోర్టే. మొదటి కోర్టు మాట జనం అక్షరాలా నమ్ముతారు. రెండో కోర్టు దగ్గరికి వచ్చేసరికి 'టెక్నికల్‌గా వదిలారు' అంటారు. పైకోర్టు వేల పేజీలు చదివి, అబద్ధాన్ని అబద్ధమని చెబితే అది టెక్నికల్ ఎలా అవుతుంది? శిక్ష పడ్డ రోజున మనసు కుదుటపడుతుంది, హంతకుడు దొరికాడు, ఇక మన ఆడపిల్లలు క్షేమం అనుకుంటాం. శిక్ష రద్దయిన రోజున ఆ నిశ్చింత పోతుంది. పోగొట్టిన వాడిమీద కోపం వస్తుంది. ఆ పోగొట్టినవాడు ఎవరంటే, జైలునుంచి ఇంటికొచ్చిన మనిషి!

2007 డిసెంబర్ చివర్లో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ఒక లేడీస్ హాస్టల్లో ఫార్మసీ చదువుతున్న మన పిల్ల హత్యకు గురైంది. అత్యాచారం చేసి చంపారు. ఆమె పేరు నేనిక్కడ రాయడం లేదు. పేపర్లన్నీ రాశాయి, చదివేవాళ్ళందరికీ తెలుసు. తెనాలిలో ఒక ఇంట్లో పెట్టుకున్న పేరు చివరికి ఒక కేసు పేరుగా మిగిలిపోయింది కాబట్టి రాయడం లేదు. ఆ కేసులో పట్టుకొచ్చిన యువకుడి పేరూ రాయను. ఎనిమిదేళ్ళకు పైగా ఆ పేరు ముందు 'నిందితుడు' అనీ 'దోషి' అనీ రాశారు, అది చాలు.

హత్య జరిగిన కొన్ని నెలలకు, 2008 ఆగస్టులో, నందిగామ వైపు నుంచి అతన్ని పట్టుకొచ్చారు. దళితుడు, కూలికి పోయే కుటుంబం. నరాల జబ్బుతో సరిగా నడవలేని మనిషి అని అతని తరఫువాళ్ళు మొదటినుంచీ మొత్తుకున్నారు. అలాంటి మనిషి రాత్రిపూట ఆడపిల్లలు నిండా ఉన్న హాస్టల్లో దూరి, హత్య చేసి, ఎవరికంటా పడకుండా వెళ్ళాడని నమ్మమన్నారు. 2010 సెప్టెంబర్‌లో విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు నమ్మింది. 2017 మార్చి 31న హైదరాబాద్ హైకోర్టు నమ్మలేదు. శిక్ష రద్దు చేసింది, తప్పుగా దర్యాప్తు చేసిన పోలీసు అధికారుల మీద చర్య తీసుకోమంది, అతనికి లక్ష రూపాయలు ఇమ్మంది. ఎనిమిదిన్నరేళ్ళ జైలుకి లెక్కకడితే రోజుకు 32 రూపాయలు. ఆ రోజుల్లో ఉపాధి హామీ కూలి కూడా దీనికన్నా చాలా ఎక్కువ.

నేను రాయదలుచుకున్నది తీర్పు గురించి కాదు, తీర్పుకన్నా ఎన్నో ఏళ్ళ ముందు ఆ పిల్ల తల్లి చెప్పిన మాట గురించి. పోలీసులు ఫలానావాడే హంతకుడని విలేకరుల ముందు నిలబెట్టినప్పుడే, ఇతను కాదని ఆమె అన్నది. శిక్ష పడ్డప్పుడూ అదే మాట. కొట్టేసినప్పుడు సంతోషించింది.

దీన్ని తేలిగ్గా చదివేసి ముందుకు పోకండి. కూతురి శవాన్ని ఆ స్థితిలో చూసిన తల్లికి ప్రభుత్వమే ఒక మనిషిని తెచ్చి, ఇడుగో నీ పగ, తీసుకో అంటోంది. ఆమె వద్దంటోంది. వద్దంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. కేసు మళ్ళీ మొదటికొస్తుంది. ఖాళీ చేతుల్తో మిగులుతుంది. అయినా, తన బిడ్డ కోసం ఇంకొక తల్లి బిడ్డను బలిపెట్టడానికి ఒప్పుకోలేదు. మన సభల్లో దళిత ముస్లిం ఐక్యత గురించి తీర్మానాలు చేస్తుంటాం, వేదిక మీద చేతులు కలిపి ఫోటోలు దిగుతుంటాం. ఆ తల్లి ఒక్క 'కాదు'తో చేసిన పని ఏ తీర్మానమూ చేయలేదు. ఆమె ఆ రోజు 'అవును' అని ఉంటే? మన పిల్లను చంపిన దళితుడు అని మన గల్లీల్లోనే ఎందరు నోరు పారేసుకునేవాళ్ళు! బయటివాళ్ళు ఎవరూ పొగపెట్టనక్కర్లేకపోయేది.

ఆమెది కూడా సందేహమే, షక్కే. ఛాయ్ హోటల్ వాడిదీ షక్కే. కాని రెండింటికీ మధ్య భూమ్యాకాశాల తేడా ఉంది. ఆమె సందేహం పోలీసుల ముందుకు, కోర్టు ముందుకు, ముఖ్యమంత్రుల ముందుకు పోయి జవాబు అడిగింది. వీడి సందేహం ఎవరినీ ఏమీ అడగదు. ఇంటికొచ్చిన మనిషి ముఖంలోకి చూస్తుంది, పని ఇవ్వదు, పిల్లనివ్వదు, ఇల్లు అద్దెకివ్వదు. కోర్టు రద్దు చేసిన శిక్షను వీధి తన ఖాతాలో కొనసాగిస్తుంది. మొదటిదాన్ని ప్రశ్న అందాం. రెండోదాన్ని సందేహం అని పిలవడం కూడా దండగ, అది శిక్షే.

ఇక్కడ మనవాళ్ళతో కొంచెం తగువుంది. అతను కాకపోతే మరి ఎవరు? ఈ కేసులో రాజకీయంగా పలుకుబడి ఉన్న కుటుంబాల మాట మొదటినుంచీ వినపడింది. తల్లిదండ్రులు ఆ దిక్కుగా దర్యాప్తు చేయమన్నారు. అడగడం వాళ్ళ హక్కు. కాని ఒక కూలివాడు విడుదలయ్యాడు గదా అని, రుజువేమీ లేకుండానే, ఇంకో పేరును 'అసలు హంతకుడు' అని రాసిపారేసేవాళ్ళున్నారు. పెద్దింటివాడు కాబట్టి పరవాలేదు అనుకుంటారు. పరవాలేదు ఎట్లా అవుతుంది? రుజువు లేని చోట పేరు పెట్టడమే కదా పోలీసులు చేసిన పని. బద్‌గుమానీ పెట్టుకోవద్దనీ పక్కవాడి గుట్టు తవ్వొద్దనీ హుజురాత్ సూరా మనకు చెబుతుంది. సందేహం మిగిలిన చోట హద్దు శిక్ష వేయరాదని మన పాత ఫకీహ్‌లు సూత్రం పెట్టుకున్నారు. జుమ్మా బయాన్లలో ఇవి వింటాం, చెప్పులు వేసుకుని బయటికి రాగానే మరుస్తాం.

నా లౌకిక మిత్రులు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు, వేయాలి కూడా. 'శిక్ష రద్దయితే మనిషిని నిర్దోషిగా చూడాలంటున్నావు. మరి చుండూరు సంగతేమిటి?'

చుండూరు ఆ తెనాలికి దగ్గరే. 1991 ఆగస్టు 6న అక్కడ 8 మంది దళితులను వేటాడి చంపారు. శవాలను గోతాల్లో కట్టి కాలవలో పడేశారు. చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోవడానికి దళితులు పెద్ద పోరాటమే చేశారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలింది, నేరం రుజువు కాలేదంది. అప్పుడు మనమంతా రోడ్డెక్కాం. 2017లో హైకోర్టును మెచ్చుకున్న నోటితోనే 2014లో హైకోర్టును నిలదీశాం. మనవాడు విడుదలైతే న్యాయం, వాళ్ళు విడుదలైతే అన్యాయమా?

ఈ ప్రశ్నకు తేలికైన జవాబు నా దగ్గర లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. చుండూరు రెడ్లకు కూడా సందేహలాభం వర్తిస్తుంది, వర్తించకూడదని నేననను. ఆ లాభాన్ని ఒక కులానికి తీసేస్తే రేపు అది ఎవరికి దక్కకుండా పోతుందో నాకు బాగా తెలుసు, మొదట పోయేది నాకే. కాని ఆ తీర్పు తర్వాత చుండూరు దళితులు అడిగింది ఏమిటి? 8 మంది పట్టపగలు చచ్చారు, చూసినవాళ్ళు కోర్టుకొచ్చి చెప్పారు, వాళ్ళ మాట ఎందుకు చెల్లలేదు? ఇది ప్రశ్న. పై కోర్టుకు అప్పీలుగా పోయిన ప్రశ్న. విజయవాడ కేసులో కోర్టు ఎత్తిచూపింది పోలీసుల దర్యాప్తును. చుండూరులో చెల్లకుండా పోయింది బాధితుల మాట. రెండు తీర్పులకూ 'రద్దు' అని ఒకే పేరున్నా, చదివితే రెండూ ఒకటి కావు. చదవాలి. ఛాయ్ తాగుతూ తేల్చే విషయం కాదు. ఇంకో సంగతి, చుండూరులో విడుదలైనవాళ్ళు ఊళ్ళోకి వెళితే ఎవరైనా పొలం కౌలుకివ్వం పొమ్మన్నారా? వీధి వేసే ఆ శిక్ష కూడా కులం చూసే వేస్తుంది.

మతం చూసి కూడా. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో జుమ్మా నమాజు వేళ బాంబు పేలి 9 మంది చనిపోయారు, తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకో 5గురు. చచ్చింది మనవాళ్ళు, పట్టుకుపోయిందీ మన కుర్రాళ్ళనే. కొన్నాళ్ళకు వాళ్ళు నిర్దోషులని తేలింది. వాళ్ళకు శిక్ష పడలేదు కాబట్టి రద్దు కావలసింది కూడా ఏమీ లేదు. అయినా అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పరిహారంతోపాటు వీళ్ళకు నేరంతో సంబంధం లేదని సర్టిఫికెట్లు కూడా ఇవ్వాల్సి వచ్చింది. కోర్టు తీర్పు చేతిలో ఉన్నా సర్టిఫికెట్ ఎందుకు? తీర్పు చూపించినా ఉద్యోగం ఇవ్వరు కనక. ఈ దేశంలో ఎంతమంది తాము ఫలానా నేరం చేయలేదని సర్కారు ముద్రతో జేబులో పెట్టుకు తిరగాలి? పైగా ఆ పరిహారం చెల్లదని 2013లో హైకోర్టు కొట్టేసింది.

2018 ఏప్రిల్‌లో అదే మక్కా మసీదు కేసులో హిందూత్వ సంస్థలకు చెందిన నిందితులు విడుదలయ్యారు. మన గల్లీల్లో అప్పుడు ఏ మాట వినపడింది? 'వదిలేశారు' అన్నదే. ఆ మాట వెనక మనకు కారణాలున్నాయి, దర్యాప్తు నడిచిన తీరు చూశాం. అయినా ఆ దుఃఖాన్ని మనుషుల మీదికి కాకుండా దర్యాప్తు మీదికి తిప్పడమెట్లాగో ఆ తెనాలి తల్లి దగ్గర నేర్చుకోవలసి ఉంది.

ముంబయిలో 2006 జులై 11న లోకల్ రైళ్ళలో ఏడు పేలుళ్ళు, 180 మందికి పైగా చచ్చారు. 2015లో 12 మందికి శిక్ష, అందులో 5గురికి ఉరి. 2025 జులై 21న బొంబాయి హైకోర్టు 12 మందినీ నిర్దోషులంది. అందులో ఒకతను ఆ మాట వినలేదు, 2021లోనే జైల్లో చనిపోయాడు. మూడు రోజులు తిరగకుండానే సుప్రీంకోర్టు ఆ తీర్పును ఇతర కేసుల్లో ఆదర్శంగా తీసుకోవద్దంది, అయితే వాళ్ళు మళ్ళీ జైలుకు పోనక్కర్లేదంది. ఈ మధ్యలో టీవీల్లో ఒకటే గోల: మరి రైళ్ళలో చచ్చినవాళ్ళను చంపిందెవరు? చాలా న్యాయమైన ప్రశ్న. ఆ చచ్చినవాళ్ళ కుటుంబాలకు జవాబు రావాల్సిందే. కాని ఆ ప్రశ్న వేస్తూ కెమెరాను విడుదలైనవాళ్ళ గుమ్మాల వైపు తిప్పారు. తొమ్మిదేళ్ళు విచారణ, తర్వాత పదేళ్ళు అప్పీలు నడిపిన వ్యవస్థ వైపు తిప్పలేదు. ప్రశ్నను శిక్షగా మార్చే కళ ఇదే.

ఇబ్రహీంపట్నం కేసు మాట ముగించాలి. శిక్ష రద్దయ్యాక మళ్ళీ దర్యాప్తు మొదలైతే, విజయవాడ కోర్టులో ఉండాల్సిన ఆధారాలు ధ్వంసమయ్యాయని బయటపడింది. 2018లో హైకోర్టు కేసును సీబీఐకి ఇచ్చింది. 2019 డిసెంబర్‌లో తెనాలి ఖబరస్తాన్‌లో ఆ పిల్ల ఖబర్ తవ్వి, మరోసారి పోస్టుమార్టం చేశారు. మన్నులో కలిసినవాళ్ళను కదిలించడం మనకెంత కష్టమో మన పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. పోలీసులు మొదట్లో చేయాల్సిన పని చేయకపోతే, పన్నెండేళ్ళ తర్వాత ఖబర్‌లో ఉన్న పిల్ల లేచొచ్చి సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత, తీసుకెళ్ళిన ఎముకలు తిరిగి ఇప్పించండి, మళ్ళీ మట్టి చేసుకుంటాం అని ఆ తల్లిదండ్రులు హైకోర్టు మెట్లెక్కారు.