ఒక్క మందు ఉన్న ఆర్డరు

2018 వానాకాలంలో నేనొక పెద్దాయనకు అన్యాయం చేశాను. ఆయన ఒక మందుల హోల్‌సేల్ వ్యాపారి దగ్గర లెక్కలు చూసేవారు. నేను గచ్చిబౌలిలో ఒక చిన్న కంపెనీలో పీహెచ్‌పీ రాసేవాణ్ని. నాకు ఇరవై నాలుగేళ్లు, ఆయనది మా నాన్న వయసు. అయినా ఫోనెత్తితే నన్ను ‘సార్’ అనే పిలిచేవారు.

రోజూ సాయంత్రం ఆయన దగ్గర్నుంచి ఆర్డర్ల ఫైలు ఎక్స్‌ఎంఎల్‌లో వచ్చేది. దాన్ని చదివి, అర్రేలోకి మార్చి, బిల్లుల టేబుల్లోకి ఎక్కించడం నా పని. ఒక్కో ఆర్డరు కింద ‘ఐటెమ్’ అనే ట్యాగులుంటాయి. ఒక్కో ఐటెమ్‌లో మందు పేరు, ఎన్ని, ధర. అమీర్‌పేటలో కోర్సు చేసినప్పుడు ఎక్స్‌ఎంఎల్ పాఠానికి నోట్సయితే రాసుకున్నాను గానీ, చేత్తో ఒక్కసారీ చేసి చూడలేదు.

పీహెచ్‌పీ రాసేవాళ్లందరికీ తెలిసిన అడ్డదారి ఒకటుంది. ఫైలును సింపుల్‌ఎక్స్‌ఎంఎల్‌తో తెరిచి, జేసన్‌గా మార్చి, ఆ జేసన్‌ను మళ్లీ విప్పితే అర్రే చేతికొస్తుంది. అంతా కలిపి ఒక్క లైను. పక్క సీటతని కోడ్‌లోంచి ఆ లైను తెచ్చి పెట్టుకున్నాను. రన్ చేస్తే స్క్రీన్ మీద అర్రే చక్కగా పరుచుకుంది. ఎలా వచ్చిందని ఎవర్నీ అడగలేదు. అడిగితే నాకు రాదని తెలిసిపోతుందని భయం. ఆ రోజుల్లో నా భయాలన్నీ అదొక్క భయమే.

మొదట్లో పెద్ద షాపుల ఆర్డర్లే వచ్చాయి, అంతా బాగానే నడిచింది. చిన్న షాపుల్ని కలిపాక బిల్లులు తేడా కొట్టాయి. డెబ్బై అయిదు రూపాయలు పడాల్సిన చోట పదమూడు పడింది. ఫోన్ చేసింది ఆయనే. నేను నా కోడ్ తెరవను కూడా తెరవలేదు. “మీ ఫైల్లోనే ఏదో తప్పుంది సార్, ఒకసారి సరిచూసుకోండి” అన్నాను. ఆయన సరేనన్నారు. మర్నాడు మళ్లీ అదే మాట అన్నాను, కాస్త విసుగ్గా. మూడో రోజు పొద్దున ఆయన గొంతు బొంగురుపోయి ఉంది. “రెండు రాత్రులు కూసోని అన్నీ మళ్ల కొట్టిన సార్. నాకైతే తప్పు కనిపిస్తలేదు. మీరే ఒక్కసారి చూడుండ్రి” అన్నారు.

ఆయన కొత్తగా పంపిన ఫైలునీ పాతదాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చాను. తయారైన తేదీ, సమయం తప్ప ఒక్క అక్షరం తేడా లేదు. రెండు రాత్రుల పని తర్వాత కూడా ఒక్క అక్షరం తేడా లేదు.

అప్పుడు చూశాను నా అర్రేని. ఆర్డరులో రెండు మందులుంటే ‘ఐటెమ్’ కింద వరస వస్తోంది: సున్నా, ఒకటి అని నంబర్లు, ఒక్కో నంబరు కింద ఒక్కో మందు. అదే ఒక్క మందే ఉంటే ఆ వరస లేదు. ‘ఐటెమ్’ కింద నేరుగా పేరు, ఎన్ని, ధర కూర్చుంటున్నాయి. నా లూప్‌కి ఈ తేడా తెలియదు. ఒక మందు చుట్టూ ఒకసారి తిరగాల్సింది పోయి, ఆ మూడు వివరాల చుట్టూ మూడుసార్లు తిరుగుతోంది. పారాసెటమాల్ ముప్ఫై, ఒక్కోటి రెండున్నర. మొదటిసారి ‘పారాసెటమాల్’ అన్న మాట చేతికొస్తే, అందులోంచి ఎన్ని, ధర ఎంత అని అడిగి, రెంటినీ గుణిస్తోంది నా కోడ్. మాటలో ధర ఎక్కడుంటుంది? అప్పటి పీహెచ్‌పీ 7 దానికి ఒక హెచ్చరిక రాసి, ఆ మాటలోని మొదటి అక్షరాన్ని ఇచ్చేసేది. అలా ముప్ఫైలోంచి మూడు, రెండున్నరలోంచి రెండు. మూడు మూళ్లు తొమ్మిది, రెండు రెళ్లు నాలుగు, పేరుకి సున్నా. మొత్తం పదమూడు. హెచ్చరికలన్నీ లాగ్‌లో పోగుపడి ఉన్నాయి. నేను లాగ్ తెరిచిన పాపాన పోలేదు.

దిద్దడానికి పావుగంట పట్టింది. జేసన్ దారి వదిలేసి, సింపుల్‌ఎక్స్‌ఎంఎల్ ఇచ్చిన వస్తువు మీదే నేరుగా లూప్ తిప్పితే చాలు. ఐటెమ్‌లు పది ఉన్నా, ఒక్కటే ఉన్నా, అసలే లేకపోయినా అది సరిగ్గా తిరుగుతుంది.

కానీ అసలు సంగతి ఆ తర్వాత చాన్నాళ్లకు గాని నాకు బోధపడలేదు. ఎక్స్‌ఎంఎల్‌కి జాబితా అంటే ఏమిటో తెలియదు. ఒక ట్యాగు ఒక్కసారే కనిపించినప్పుడు, అది ఎప్పటికీ ఒక్కటేనా, లేక ఇవాళ్టికి మాత్రం ఒక్కటా అన్నది ఫైల్లో ఎక్కడా ఉండదు. స్కీమా రాసి ఉంటే అందులో ఉంటుంది. మాకు స్కీమా లేదు. అంటే ఆ జవాబు ఒక్క మనిషి దగ్గరే ఉంది, ఆ ఫైలు పంపే పెద్దాయన దగ్గర. “ఒక్క మందే రాసే షాపులు ఉంటాయా సార్?” అని మొదటి రోజే అడిగి ఉంటే అర నిమిషంలో తేలిపోయేది. ఆయన్ని అడగాల్సిన ప్రశ్న అడగకపోగా, ఆయన మీద తప్పు మోపాను.

ఎక్స్‌ఎంఎల్ 1.0 ప్రమాణం వచ్చింది 1998 ఫిబ్రవరిలో. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైందీ ఆ ఏడాదే. మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా ఈ రోడ్ల మీద మాలాంటివాళ్లం ఎంతమందిమి, ఒకరి ఫైలును ఇంకొకరి టేబుల్లోకి మార్చే పని మీదే ఇల్లు గడుపుకున్నామో! చెల్లెలి ఫీజులు నేను కట్టింది ఆ పనితోనే. దాన్ని చిన్న పని అనలేను. అందుకే ఆ మూడు రోజులు ఇంకా గుచ్చుకుంటాయి.

దిద్దిన సాయంత్రం ఆయనకు ఫోన్ చేశాను. “సర్వర్‌లో చిన్న ప్రాబ్లమ్ సార్, సరిచేశాం” అన్నాను. ఆయన హమ్మయ్య అనుకున్నట్టు ఊపిరి వదలడం వినిపించింది. “అయితే నాది తప్పు కాదన్నట్టేనా సార్?” అన్నారు. ‘కాదు, నాది’ అనడానికి నోరు రాలేదు. “అదేం లేదు సార్” అని పెట్టేశాను. ఆ మాటకు అర్థమేమిటో నాకే తెలియదు.

మొన్న మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు సరిగ్గా అదే లైను రాశాడు. పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క ఐటెమ్ ఉన్న ఫైలు చేయించాను, పారాసెటమాల్ ముప్ఫై, రెండున్నర. అర్రే ఎలా విరుగుతుందో వాడి కళ్లతో వాణ్నే చూడనిచ్చాను. “ఇది మీకెలా తెలుసన్నా?” అన్నాడు. ఒకప్పుడు నేనూ ఇదే రాశానని చెప్పాను. ఫోన్ల సంగతి వాడికీ చెప్పలేదు. ఇక్కడ రాయడమే మొదటిసారి.