అగ్నిజిహ్వలకు పరీక్ష

ఈస్టరు మొదలుకొని 50వ దినమున పెంతెకొస్తు పండుగ వచ్చును. ఆ దినమున యెరూషలేములో శిష్యులపై అగ్నిజిహ్వలు వ్రాలెననియు, నానాదేశములవారు వారి పలుకులను తమ తమ భాషలలో వినిరనియు అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయము చెప్పుచున్నది. కాని 6వ అధ్యాయమున నా గ్రంథమే యొక లోపమును దాచక తెల్పుచున్నది. అనుదినాన్నదానమున గ్రీకుభాష మాట్లాడు విధవలు ఉపేక్షింపబడిరి. సర్వభాషలు పలికిన సంఘమునకు తన యింటిలోని యాకలి వినబడలేదు! అయినను మొఱ విన్నంతనే యేడుగురిని నియమించి దోషమును దిద్దుకొనెను.

1906వ సంవత్సరమున లాస్ ఏంజెలెస్ నగరములో, అజూసా వీథిని, విలియం సేమూరు అను నల్లజాతి బోధకుని యెదుట శ్వేతులును నల్లవారును కలసి ప్రార్థించిరి. కొన్ని యేండ్లకే ఆ యుద్యమమును వర్ణభేదము చీల్చెను.

కావున నేటి క్రైస్తవుడు నాలుక కదలెనా యని యడుగుటకు ముందు చెవి తెఱచుకొనెనా యని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. పంక్తిలో అన్నమందనివారెవ్వరో విచారింపుడు. ఆత్మ దిగివచ్చెనో లేదో అచ్చటనే తెలియును.