కారణమా? సాకా?



త్రాగుడు మానిన వాని మొదటి పోరాటము శరీరముతో. ఏండ్ల తరబడి దినదినము త్రాగినవాడు ఒక్కసారిగా మానినయెడల చేతులు వణకును, నిద్ర పట్టదు. కొందరికి మూర్ఛలును వచ్చును. కనుక అతనిని ముందుగా వైద్యుని యొద్దకు తీసికొని పొండి. అది విశ్వాస లోపము కాదు.

రెండవ పోరాటము హృదయముతో. అది ఎక్కువ కాలము సాగును. ఇన్నాళ్లు సారాయి దేనిని కప్పియుంచెనో అది ఇప్పుడు లేచి నిలుచును: తీరని అప్పు, చనిపోయిన బిడ్డ, గట్టు తగవులో మాటలు మానిన అన్న, పదిమందిలో పడిన అవమానము. “పాతది త్రవ్వకుము, ప్రార్థించి మరచిపొమ్ము” అని మనము సలహా చెప్పుదుము. మరచుటకే గదా అతడు త్రాగినది!

1935వ సంవత్సరము మే నెలలో, అమెరికాలోని ఏక్రన్ పట్టణమున బిల్ విల్సన్ అను వ్యాపారి ఒక హోటలులో ఒంటరిగా నిలిచియుండెను. త్రాగుడు మాని అయిదు నెలలైనది. వచ్చిన పని చెడిపోయెను. ప్రక్కనే మద్యశాల. ఓటమియు ఒంటరితనమును తన్ను అటు లాగుచున్నవని అతడు గ్రహించి, ఒక సంఘ కాపరికి ఫోను చేసెను. ఆ మూలముగా బాబ్ స్మిత్ అను వైద్యుని కలిసికొనెను. ఆయనయు త్రాగుబోతే. వారిరువురు గంటల తరబడి మాటలాడుకొనిరి. అందుండి పుట్టినదే ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సహవాసము. దాని పండ్రెండు మెట్లలో నాలుగవది, తన జీవితమును భయపడక పరీక్షించుకొనుట. అయిదవది, కనుగొనిన తప్పులను దేవుని యెదుటను మరియొక మనుష్యుని యెదుటను ఒప్పుకొనుట.

కారణము వెదకుట సాకు వెదకుట కాదా అని కొందరడుగుదురు. కాదు. సాకు చెప్పువాడు “మా అన్న వలన త్రాగితిని” అని అక్కడనే ఆగును. కారణము తెలిసికొన్నవాడు లేచి అన్న గుమ్మమునకు నడచిపోవును. సాకు నేరమును ఇతరుల మీద వేయును. కారణము చేయవలసిన పనిని మన చేతిలో పెట్టును.

ఊడ్చి ఖాళీగా విడిచిన ఇంటిని గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానము మీరెరుగుదురు. త్రాగుడు మానిన వానికి సంధ్యవేళ అట్టి ఖాళీ ఇల్లు. దుకాణమునకు పోయిన ఆ గడియలో అతని అరుగుమీద కూర్చుండువారెవరు? బోధింపక వినుడి. విన్నదానిని బావియొద్ద చెప్పకుడి. ఒకసారి జారిపడినను గుమ్మము మూయకుడి.

మీ వీధిలో ఆ అరుగు ఎవరిదో మీకు తెలియును. వినెడు ఓర్పును ప్రభువు మనకు అనుగ్రహించును గాక.